ముక్కల బొంత బ్లాకులన్నీ 12½ అంగుళాలకి రావట్లేదు, క్రాస్ (ఐమూలగా కోసిన) అంచులే కారణమా?

ముక్కలబొంత:

నమస్తే అండి. ముక్కలు కలిపి బొంత (క్విల్టు) కుడుతున్నాను. బ్లాకుకి, అంటే బొంతలో ఒక్కో పెద్ద చదరానికి, 16 హెచ్ఎస్టీలు (రెండు త్రికోణాల్ని ఐమూలగా కలిపిన చదరాలు), వరసకి నాలుగు చొప్పున నాలుగు వరసలు. కుట్టాక ఒక్కో చదరం 3 అంగుళాలు కనిపించాలి. అంటే బ్లాకు 12 అంగుళాలు, చుట్టూ కుట్టు మార్జిన్‌తో కలిపి 12½ రావాలి. మొత్తం 20 బ్లాకులు కుట్టడం అయింది.

ముదురు రంగుకి పెడన కలంకారీ, లేత రంగుకి సాదా మిల్లు కాటన్ వాడాను. 5¾ అంగుళాల చదరాలు రెండు, మంచివైపులు ఎదురెదురుగా పెట్టి, నాలుగు అంచుల వెంటా పావంగుళంలో కుట్టి, రెండు ఐమూలలా కోశాను. ఒక జతకి నాలుగు హెచ్ఎస్టీలు వస్తాయి. ఆవిరి ఇస్త్రీ చేసి, ప్రతి ఒక్కటీ 3½కి సరిచేసి కోశాను. ఆ దశలో అన్నీ కచ్చితంగా 3½ ఉన్నాయి.

ఇప్పుడు బ్లాకుల్ని అంచుల వెంట కొలిస్తే 12½ నుంచి 12¾ దాకా ఒక్కోటి ఒక్కోలా ఉంది. ఒకే బ్లాకులో పై అంచుకీ కింది అంచుకీ కూడా పొంతన లేదు. విచిత్రం ఏమిటంటే బ్లాకు నడిమధ్యన అడ్డంగా కొలిస్తే దాదాపు అన్నీ 12 5/16 దగ్గరే ఆగుతున్నాయి. నేల మీద పరిస్తే అంచులు అలల్లా లేస్తున్నాయి.

మిషన్ మామూలు తొక్కుడు మిషన్, సూది 14 నంబరు. కుట్టు పొడవు సుమారు 2.5 మి.మీ. ముక్కల్ని 3½కి కోశాక కూడా సైజు ఎందుకు మారుతోంది? తర్వాతి బొంతకి పద్ధతి ఎలా మార్చుకోవాలి?

---

పడుగుపేక:

నడుమ కూడా కొలిచారు కాబట్టి పని తేలికైంది. మీ బ్లాకుల్లో రెండు వేర్వేరు లోపాలు ఉన్నాయి, రెండూ ఒకదాన్ని ఒకటి కప్పేస్తున్నాయి. అన్ని బ్లాకులూ ఒకే లెక్కన తప్పితే అది కుట్టు వెడల్పు లోపం. ఒక్కోటి ఒక్కోలా తప్పితే అది బట్ట సాగిన లోపం. మీకు నడుమ మొదటిదీ, అంచుల్లో రెండోదీ కనిపిస్తున్నాయి.

ముందు నడుమ లెక్క చూడండి. 3½ ముక్కలు నాలుగు పక్కపక్కన పెడితే 14 అంగుళాలు. కుట్టాక 12 5/16 మిగిలింది, అంటే 1 11/16 లోపలికి పోయింది. మధ్యలో ఉన్నవి మూడు కుట్లు. ఒక్కో కుట్టు ½ అంగుళం తినాల్సింది 9/16 తింటోంది. ఒక్కో వైపు 1/32 అంగుళం ఎక్కువన్నమాట. విడిగా చూస్తే కంటికి ఆనదు, మూడు కుట్లు దాటేసరికి 3/16 అవుతుంది. మీరు పావంగుళం గీత మీదే కుట్టి ఉండొచ్చు, అయినా ఇలాగే వస్తుంది. బట్ట మడత తిరిగే చోట దాని మందమూ దారం మందమూ కొంత కొలత మింగుతాయి. అందుకే క్విల్టుకి నిండు పావంగుళం కాదు, ఒక పోగు తక్కువ పావంగుళం కుట్టాలి.

దీనికి పరీక్ష ఉంది. బొంతకి వాడే బట్టతోనే, అదే దారం, అదే సూదితో చేయాలి. 1½ అంగుళాల వెడల్పు, నాలుగైదు అంగుళాల పొడవు ఉన్న పట్టీలు మూడు పడుగు (నిలువు దారాలు) వెంట కోసి, పొడవు వైపు కలిపి కుట్టి, ఇస్త్రీ చేయండి. నడిమి పట్టీ కచ్చితంగా 1 అంగుళం, మొత్తం వెడల్పు 3½ రావాలి. నడిమిది 1 కంటే తక్కువైతే కుట్టు ఎక్కువ తింటోంది, గైడ్‌ని (బట్ట అంచు ఆనించి నడిపే గట్టుని) ఒక వెంట్రుకవాసి సూది వైపు జరపండి. తొక్కుడు మిషన్‌తో పావంగుళం ఫుట్ (బట్టని నొక్కిపట్టే పాదం) సాధారణంగా రాదు కాబట్టి గ్రాఫ్ కాగితం వాడండి. పావంగుళం గీతలున్న కాగితాన్ని ఒక గీత మీద శుభ్రంగా కోసి, ఫుట్ కింద పెట్టి, అంచు నుంచి మొదటి గీతకి కాస్త అంచు వైపుగా సూది దించండి. ఫుట్ దించి, కాగితం అంచుకి ఆనించి మిషన్ బల్ల మీద టేపు నాలుగైదు పొరలు అంటించండి. బట్ట ఆ గట్టుకి ఆనుకుంటూ నడుస్తుంది. సూది మారిస్తే, దారం మారిస్తే మళ్ళీ మూడు పట్టీల పరీక్ష చేయాల్సిందే.

ఇక అంచుల సంగతి. కారణం మీరు ఎంచుకున్న పద్ధతిలోనే ఉంది. నాలుగు అంచులూ కుట్టి ఐమూలగా కోసినప్పుడు, లోపలి కుట్టు తిన్నని దారం (నిలువు లేదా అడ్డ పోగు) మీద పడుతుంది, కోసిన అంచులన్నీ క్రాస్ (దారాలకి 45 డిగ్రీల ఐమూల) మీద పడతాయి. అంటే ప్రతి హెచ్ఎస్టీకీ నాలుగు వైపులా క్రాసే. పడుగు దారాలు మగ్గం మీద బిగువుగా ఉంటాయి కాబట్టి నిలువుగా లాగితే దాదాపు సాగదు, అడ్డంగా కొంచెం సాగుతుంది. 45 డిగ్రీల్లో లాగితే మాత్రం దారాలు సాగనక్కర్లేదు, పడుగూ పేకా (అడ్డ దారాలు) కలిసే కోణం మారితే చాలు, బట్ట పొడుగైపోతుంది. క్రాస్ కట్ జాకెట్టు ఒంటికి పట్టినట్టు కూర్చోవడం ఈ గుణం వల్లే. అక్కడ అది కావాలి, ఇక్కడ అదే శత్రువు.

అందువల్ల 3½కి కోసిన క్షణాన సైజు సరిగ్గానే ఉంది. ఆ తర్వాత చేత్తో ఎత్తినప్పుడు, బట్టని నడిపే మిషన్ పళ్ళు లాగినప్పుడు, ఇస్త్రీ పెట్టె తోసినప్పుడు సాగింది. నడిమి గీతకి అటూ ఇటూ కుట్లు ఉండి పట్టుకున్నాయి. బయటి అంచులకి పట్టుకునేది ఏదీ లేదు, అందుకే అక్కడ ఇష్టం వచ్చినట్టు పోయింది. మీరు ఎంత శ్రద్ధగా కోసినా, నాలుగు క్రాస్ అంచులున్న ముక్క ఆ కొలతని నిలబెట్టుకోలేదు.

తర్వాతి బొంతకి ఒక్క మార్పు చేస్తే సగం సమస్య పోతుంది: క్రాస్ కుట్టు లోపల ఉండాలి, బయటి అంచులు తిన్నని దారం మీద ఉండాలి. ఎక్కువ సంఖ్యలో కావాలంటే ఎనిమిది ఒకేసారి వచ్చే పద్ధతి బాగుంటుంది. కావలసిన సైజుని రెట్టింపు చేసి 2 కలపండి. మీకు 3 కాబట్టి 8 అంగుళాల చదరాలు, లేతది ఒకటి, ముదురుది ఒకటి. లేతదాని వెనక రెండు ఐమూల గీతలూ గీయండి. ఒక్కో గీతకి రెండు వైపులా పావంగుళం దూరంలో కుట్టండి, మొత్తం నాలుగు కుట్లు. ముందు నిలువుగా 4 అంగుళాల దగ్గర, తర్వాత బట్ట కదపకుండా అడ్డంగా 4 దగ్గర కోసి, చివర్లో గీసిన ఐమూల గీతల మీద కోయండి. ఎనిమిది హెచ్ఎస్టీలు సుమారు 3 5/8 వస్తాయి, 3½కి సరిచేయడానికి సరిపడా మిగులు ఉంటుంది. బ్లాకుకి రెండు జతలు చాలు. 20 బ్లాకులకి 40 జతలు. 44 అంగుళాల పన్నాలో అడ్డంగా 5 చదరాలు వస్తాయి కాబట్టి 8 వరసలు, అంటే 64 అంగుళాలు. ఒక్కో రంగుకి 1¾ మీటరు తీసుకోండి.

ఒక జతకి రెండేసి వచ్చే పద్ధతి (ఒకే ఐమూల గీతకి రెండు వైపులా కుట్టి, గీత మీద కోసేది) అయితే కావలసిన సైజుకి 7/8 కలపడం సరిగ్గా సరిపోయే లెక్క. కానీ సరిచేసే బట్ట మిగలదు. 1 అంగుళం కలిపి, కుట్టాక కోయడమే మంచిది. 3కి 4 అంగుళాల చదరం.

కలిపేటప్పుడు నాలుగు ముక్కల వరసలుగా కాకుండా నాలుగేసి ముక్కల చదరాలుగా కట్టుకు రండి. రెండు కలిపితే 6½, నాలుగు కలిపితే 6½ × 6½, అలాంటివి నాలుగు కలిపితే 12½. ప్రతి మెట్టులో కొలిచి ముందుకు వెళ్ళండి. 6½ రావాల్సినచోట 6 7/16 వస్తే అక్కడే విప్పి కుట్టడం చిన్న పని, 12½ దగ్గర తెలిస్తే పెద్ద పని. కొలిచేటప్పుడు ఐమూలలు కూడా కొలవండి. 12½ చదరానికి రెండు ఐమూలలూ 17 11/16 దగ్గర ఉండాలి. రెండింటికీ తేడా ఉంటే భుజాలు సరిపోయినా బ్లాకు పక్కకి ఒరిగిందన్నమాట.

---

గంజిపెట్టిన_బట్ట:

పడుగుపేక గారు చెప్పిన లెక్కతో ఏకీభవిస్తున్నాను. బట్టని సిద్ధం చేయడం గురించి చెబుతాను, ఎందుకంటే ఒకే బ్లాకులో కలంకారీ, మిల్లు కాటన్ కలిస్తే రెండూ ఒకేలా సాగవు, ఒకేలా ముడుచుకోవు.

ముందు రెండింటినీ విడివిడిగా ఉతకండి. కలంకారీ రంగు వదిలితే నీళ్ళు తేటపడే దాకా జాడించాలి. ఉతకని బట్టకి గంజి పెడితే ఆ తడికే ముడుచుకుంటుంది, కాబట్టి కోసిన ముక్కలకి గంజి పెట్టడం అసలు వద్దు. ఉతికి, గంజి పెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, ఆ తర్వాతే కోయాలి. ఈ వరస తారుమారు కాకూడదు.

గంజి పలచగా కాదు, బట్ట కాగితంలా నిలబడేంత పెట్టాలి. బియ్యం గంజి కంటే సగ్గుబియ్యం గంజి తేటగా ఉంటుంది, ముదురు రంగు మీద తెల్ల మచ్చ తక్కువ. రెండు టేబుల్ స్పూన్ల సగ్గుబియ్యం నానబెట్టి, లీటరు నీళ్ళలో గింజ పారదర్శకం అయ్యేదాకా ఉడికించి, పలచటి బట్టలో వడకట్టండి. బట్టని ముంచి, పిండకుండా చేత్తో నొక్కి నీరు తీసేసి, తీగ మీద పడుగు నిలువుగా వేలాడేలా ఆరవేయండి. మూలలు పట్టి వేలాడదీస్తే తడి బరువుకి అక్కడే ఐమూలగా సాగి ఎండిపోతుంది. కొంచెం తేమ ఉండగానే ఇస్త్రీ చేస్తే నున్నగా వస్తుంది. స్ప్రే గంజి వాడేవాళ్ళు వెనకవైపు చల్లి, బట్ట పీల్చుకునే దాకా ఆగి ఇస్త్రీ పెట్టాలి. తడి పైన ఉండగానే పెడితే పెట్టెకి అంటుకుని పొరలు రాలతాయి. గంజి పెట్టిన బట్టని నెలల తరబడి బీరువాలో ఉంచకండి, పురుగులు చేరతాయి. బొంత పూర్తయ్యాక ఒకసారి ఉతికేయాలి.

కలంకారీ అచ్చులు చేత్తో వేస్తారు కాబట్టి డిజైను వరస ఎప్పుడూ దారం వెంటే ఉంటుందని నమ్మకూడదు. అచ్చు గీత చూసి కోస్తే తిన్నని అంచు అనుకున్నది రెండు మూడు డిగ్రీలు క్రాస్ అయి ఉంటుంది. ఒక పోగు లాగి చూడండి, లేదా కొసన చిన్న గాటు పెట్టి చింపండి, చినిగిన గీతే అసలు దారం. చింపిన అంచు కొంత సాగి ఉంటుంది, అక్కడ అర అంగుళం తీసేసి కొలత మొదలుపెట్టండి. డిజైను ఒరిగి కనిపించినా సరే, దారమే ముఖ్యం. గళ్ళ చేనేత, పోచంపల్లి ఇక్కత్ లాంటి వాటిలో గళ్ళూ గీతలూ నేతలోనే ఉంటాయి కాబట్టి కంటితోనే దారం పట్టుకోవచ్చు. వదులుగా నేసిన చేనేతకి మాత్రం గంజి రెండుసార్లు పెట్టండి. అలాంటి బట్ట పావంగుళం మార్జిన్‌లో పోగులు కూడా జారుతుంది, కుట్టు పొడవు 2 మి.మీ.కి తగ్గించాలి. మీరు వాడుతున్న 2.5 కూడా కొంచెం పొడవే. సూది 14 కాకుండా 11 పెట్టండి, దారం సన్నటి కాటన్. మందం తగ్గేకొద్దీ మడత తినే కొలత తగ్గుతుంది.

ఇస్త్రీ దగ్గర పోయేది కోత దగ్గర పోయేదానికంటే ఎక్కువ. పెట్టెని బట్ట మీద తోయకూడదు, ఎత్తి పెట్టి, నొక్కి, ఎత్తి పక్కన పెట్టాలి. ముందు కుట్టు మూసి ఉండగానే ఒకసారి నొక్కండి, దారం బట్టలో కూర్చుంటుంది. తర్వాత వేలితో తెరిచి, ముదురు రంగు వైపు మార్జిన్ వాల్చి, మంచివైపు నుంచి నొక్కండి. పెట్టె కదపక తప్పనప్పుడు తిన్నని దారం వెంట కదపండి, కుట్టు క్రాస్ మీద ఉంటే కుట్టు వెంట వద్దు. ఆవిరి పూర్తిగా ఆపేయండి. తేమ, వేడి కలిస్తే బట్ట ఎటు తోస్తే అటు వంగుతుంది, చల్లారాక ఆ వంకరలోనే నిలుస్తుంది. ఇస్త్రీ బల్ల మీద పరుపు మందంగా మెత్తగా ఉన్నా ముక్క గుంటపడి సాగుతుంది. గట్టి బల్ల మీద రెండు మడతల ఉన్ని దుప్పటి, పైన కాటన్ గుడ్డ చాలు. వెచ్చగా ఉన్న ముక్కని కొలవద్దు, కోయవద్దు. చల్లారనివ్వాలి.

ఇంకోటి, 3½కి సరిచేసే పని ఇస్త్రీకి ముందే కూడా చేయొచ్చు. కుట్టిన త్రికోణం ఇంకా మూసి ఉండగానే చదరపు స్కేలు పెట్టండి. రెండు భుజాల మీది 3½ గుర్తులూ సరిగ్గా కుట్టు మీద పడాలి. స్కేలు మూలకి అటూ ఇటూ రెండు కోతలతో పని అయిపోతుంది, నాలుగు కోతలు అక్కర్లేదు. తెరిచాక మూలల్లో బయటికి పొడుచుకొచ్చే చిన్న కొసలు (చెవులు) కత్తిరించేయండి. మొత్తం పనికి ఒకే స్కేలు వాడండి. వేర్వేరు స్కేళ్ళ గీతల మందం తేడా కూడా కొలతలో పడుతుంది. కింద పరిచే మ్యాట్ గీతలతో అసలు కొలవకండి.

---

ముక్కలబొంత:

మూడు పట్టీల పరీక్ష చేశాను, నడిమి పట్టీ 15/16 వచ్చింది. పడుగుపేక గారి లెక్క సరిగ్గా కుదిరింది. గైడ్ సవరించాను, ఇప్పుడు 1 అంగుళం వస్తోంది.

ఇంకో ప్రశ్న అండి. ఈ 20 బ్లాకులూ విప్పకుండా కాపాడే దారి ఉందా? అన్నిటినీ చిన్నదానికి సమానంగా కోసేస్తే సరిపోతుందా? వజ్రం ఆకారంలో, మూల పైకి వచ్చేలా అమర్చాలని ఉంది.

---

కొలతబద్ద:

కోసేయవద్దు. హెచ్ఎస్టీల మొనలు బ్లాకు అంచు నుంచి సరిగ్గా పావంగుళం లోపల ఉంటాయి. అంచు కోస్తే ఆ పావంగుళం పోతుంది, పక్క బ్లాకుతో కలిపినప్పుడు మొనలు కుట్టులో మునిగిపోతాయి.

మీకు నడుమ కొలత అన్ని బ్లాకుల్లోనూ ఒకటే ఉంది, అది అదృష్టం. 12½ సంగతి వదిలేసి 12 5/16నే మీ బ్లాకు సైజుగా తీసుకోండి. అంచుల్ని ఆ సైజుకి తీసుకురావాలి. మందపాటి గుడ్డ మీద చెరగని పెన్నుతో 12 5/16 చదరం గీసి ఇస్త్రీ బల్ల మీద పరవండి. బ్లాకుని మంచివైపు కిందికి ఉండేలా పెట్టి, ముందు నాలుగు మూలలు, తర్వాత అంచుల నడిమధ్యలు, ఆ తర్వాత మిగతా చోట్ల గుండు సూదులు గీత మీదే గుచ్చండి. మిగులు బట్ట అంతటా సమంగా పంచుకోవాలి. స్ప్రే గంజి చల్లి, పై నుంచి పెట్టె నొక్కి, పూర్తిగా చల్లారాకే సూదులు తీయండి.

12 అంగుళాల అంచులో పావంగుళం దాకా మిగులు ఇలా సర్దుకుంటుంది. 12 9/16 దాకా ఉన్నవి హాయిగా కూర్చుంటాయి. 12¾ ఉన్నవాటికి 7/16 మిగులు, అది సర్దితే ముడతలు పడతాయి. వాటి బయటి వరసలోని కుట్లు విప్పి, ఆ ముక్కలకి గంజి పెట్టి 3½కి మళ్ళీ సరిచేసి కుట్టాలి. లోపలి నాలుగు ముక్కల జోలికి వెళ్ళకండి. తిరిగి కుట్టేది కూడా పాత కుట్టు వెడల్పుతోనే కుట్టాలి, లేకపోతే ఆ బ్లాకు మిగతావాటితో కలవదు.

తర్వాత ప్రతి బ్లాకుకీ చుట్టూ పట్టీ వేయండి. 1½ వెడల్పు పట్టీలు, పడుగు వెంట కోసినవి. మొదటి రెండూ 12 5/16 పొడవు, ఎదురెదురు అంచులకి. తర్వాత రెండూ 14 5/16 పొడవు. పట్టీ ముందే కొలిచి కోసి, బ్లాకుని దానికి తగ్గట్టు సూదులతో సర్ది కుట్టాలి. పొడవాటి పట్టీ పెట్టి కుట్టుకుంటూ పోయి చివర కత్తిరిస్తే పట్టీ కూడా సాగిన అంచుకే దాసోహం అంటుంది. కుట్టేటప్పుడు బ్లాకు కింద, పట్టీ పైన. మిషన్ పళ్ళు కింది పొరని కొంచెం ఎక్కువగా లోపలికి తోస్తాయి, మిగులు అక్కడే కలిసిపోతుంది. ఫుట్ ఒత్తిడి స్క్రూ కొంచెం వదులు చేయండి. చివరికి అన్నిటినీ కచ్చితంగా 14కి కోయండి. ఈ కోత తిన్నని దారం పట్టీ మీద పడుతుంది, మొనలకి ఇబ్బంది లేదు. పట్టీ ముప్పావు అంగుళం పైన కనిపిస్తుంది, ముదురు రంగు వేస్తే చిన్న తేడాలు కంటికి తెలియవు.

మూల పైకి అమరిస్తే లెక్క మారుతుంది. 3 × 4 అమరికలో 12 బ్లాకులు, మధ్య ఖాళీల్లో 6, కలిపి 18 కావాలి. మరీ ఎక్కువ సాగిన రెండింటిని పక్కన పెట్టేయొచ్చు. అంచుల్లో 10 త్రికోణాలు, మూలల్లో 4 వస్తాయి. ఇక్కడే చాలామంది బొంతలు పాడవుతాయి. పక్క త్రికోణాలకి పొడవాటి భుజం బొంత అంచు మీదకి వస్తుంది, అది తిన్నని దారం మీద ఉండాలి. కాబట్టి పెద్ద చదరాన్ని రెండు ఐమూలలా నాలుగు ముక్కలు చేయాలి. మూల త్రికోణాలకి పొట్టి భుజాలు బయటికి వస్తాయి, కాబట్టి చిన్న చదరాన్ని ఒక్క ఐమూల వెంట రెండు ముక్కలు చేయాలి.

మీ బ్లాకు పట్టీతో పూర్తయ్యాక 13½ కనిపిస్తుంది. పక్క త్రికోణాలకి 13½ × 1.414 = 19.09, దానికి 1¼ కలిపితే 20.34. సరిచేసుకోవడానికి కొంచెం పెంచి 21 అంగుళాల చదరాలు మూడు కోయండి, 12 త్రికోణాలు వస్తాయి, 10 చాలు. మూలలకి 13½ ÷ 1.414 = 9.55, దానికి 7/8 కలిపితే 10.42. 11 అంగుళాల చదరాలు రెండు. బొంత సుమారు 57 × 76 వస్తుంది. త్రికోణాన్ని బ్లాకుకి కుట్టేటప్పుడు దాని క్రాస్ భుజం కిందికి, బ్లాకు పైకి రావాలి. లంబకోణం ఉన్న మూలని బ్లాకు మూలతో కలిపి, మిగులుని మొన వైపు వదలండి.

బార్డరుకి బొంతని అంచుల్లో కొలవకండి. నడుమ, దానికి అటూ ఇటూ మరో రెండు చోట్ల కొలిచి సగటు తీసి, ఆ పొడవుకే బార్డరు కోయండి.

---

ఎనిమిదికొసలు:

ఆవిరి గురించి ఒక్క మాట విడిగా చెప్పాలి. ముక్కలు కలిపే దశలో ఆవిరి వద్దన్నది నిజం. కానీ కొలతబద్ద గారు చెప్పిన గుడ్డ మీద బ్లాకుని గుచ్చాక మాత్రం ఆవిరి పనికొస్తుంది. పెట్టెని అర అంగుళం ఎత్తులో ఉంచి, మిగులు ఉన్న అంచు మీదే ఆవిరి వదలండి. కాటన్ కొంచెం ముడుచుకుంటుంది. తర్వాత ఆవిరి ఆపి, పొడి పెట్టెతో నొక్కండి. గంజి స్ప్రే ఆ తర్వాత. పెట్టె బట్టని తోయనంత వరకు ఆవిరితో ప్రమాదం లేదు.

క్రాస్‌ని లోపలికి తిప్పడం హెచ్ఎస్టీలకి కుదురుతుంది. ఎనిమిది మొనల నక్షత్రం లాంటి వాటికి కుదరదు. 45 డిగ్రీల వజ్రాన్ని పట్టీ నుంచి కోస్తే రెండు భుజాలు తిన్నగా, రెండు భుజాలు క్రాస్‌లో వస్తాయి. అలాంటప్పుడు అన్ని వజ్రాలనీ ఒకే దిశలో తిప్పి పేర్చండి, ప్రతి కుట్టులోనూ ఒక వజ్రం తిన్నని భుజం పక్కదాని క్రాస్ భుజంతో కలుస్తుంది. తిన్నని అంచు క్రాస్‌ని పట్టి ఉంచుతుంది. రెండు క్రాస్ అంచులు ఒకదానితో ఒకటి కలిస్తేనే నక్షత్రం నడుమ బుడిపెలా లేస్తుంది. కుట్టేటప్పుడు క్రాస్ ఉన్నది కింద.

మొనలు మరీ సన్నగా ఉన్న బ్లాకులకి కాగితం మీద కుట్టడమే నమ్మకమైన దారి. కుట్టు పొడవు 1.5 మి.మీ., సూది 14. అప్పుడే కాగితం చిల్లులు పడి తేలిగ్గా చినుగుతుంది. పక్క బ్లాకుతో కలిపేదాకా కాగితం తీయకూడదు. తీస్తే క్రాస్ అంచు వదులైపోయి చేసిన పనంతా వృథా అవుతుంది.

బొంత బయటి అంచున తప్పనిసరిగా క్రాస్ వచ్చినచోట, అంచు నుంచి 1/8 అంగుళం దూరంలో ఒక వరస తిన్నని కుట్టు వేసేయండి, కుట్టు పొడవు 2.5 లేదా 3. బట్టని ముందు నుంచీ వెనక నుంచీ లాగకుండా వదిలేయాలి. ఆ కుట్టు పావంగుళం మార్జిన్ లోపలే దాక్కుంటుంది.

తొక్కుడు మిషన్‌కి ఉన్న లాభం ఒకటి చెప్పాలి. దాని సూది పలకకి ఒక్క చిన్న గుండ్రటి రంధ్రమే ఉంటుంది. జిగ్‌జాగ్ మిషన్ల వెడల్పు రంధ్రంలోకి త్రికోణం మొన దూరిపోయి నలుగుతుంది, దీంట్లో ఆ బాధ తక్కువ. అయినా ముక్క మొదలుపెట్టే ముందు చిన్న పనికిరాని గుడ్డ మీద రెండు మూడు కుట్లు వేసి, దాని వెంటే అసలు ముక్కని పంపండి.

---

ముక్కలబొంత:

మూల పైకి అమరిక, 18 బ్లాకులు, నిశ్చయించుకున్నాను. పాత పద్ధతికి కోసిపెట్టిన 5¾ చదరాలు లేతవి, ముదురువి ఎనిమిదేసి మిగిలాయి. వీటికి గంజి పెట్టలేదు. వృథా కాకుండా ఏం చేయొచ్చు?

---

పడుగుపేక:

వాటికి ఇప్పుడు గంజి పెట్టొద్దు, పొడి ఇస్త్రీ ఒకసారి నొక్కి వాడేయండి. నాలుగు వచ్చే పద్ధతి కాకుండా రెండు వచ్చే పద్ధతిలో కుట్టండి. ఒక ఐమూల గీసి, దానికి రెండు వైపులా పావంగుళంలో కుట్టి, గీత మీద కోయాలి. 5 3/8 హెచ్ఎస్టీలు వస్తాయి, అంచులన్నీ తిన్నని దారం మీదే. 5కి సరిచేయండి. ఎనిమిది జతలకి 16 వస్తాయి, కుట్టాక ఒక్కోటి 4½ కనిపిస్తుంది. నాలుగు వరసలు పేరిస్తే 18 అంగుళాల దిండు గలీబుకి ముందుభాగం అవుతుంది. కొత్త గైడ్‌తో నాలుగు ముక్కలు కలిపినప్పుడు 9½, మొత్తం కలిపాక 18½ రావాలి. బొంత బార్డరు మొదలుపెట్టే ముందు ఇది కుట్టేయండి, మిషన్ కొలత ఎలా ఉందో అక్కడే తెలిసిపోతుంది.